పీఆర్ ఫైల్లో పుట్టిన ఊరు

ఒకే మనిషివి మూడు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టారనుకోండి. మొదటిది 2012లో తీసుకున్న పాస్‌పోర్టు. అందులో పుట్టిన చోటు వరంగల్, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. రెండోది ఈమధ్యే తీసుకున్న బర్త్ సర్టిఫికెట్. దాని మీద తెలంగాణ ప్రభుత్వ ముద్ర, జిల్లా పేరు హనుమకొండ. మూడోది పదో తరగతి మెమో. తండ్రి పేరు బర్త్ సర్టిఫికెట్‌లో మల్లయ్య, మెమోలో మల్లేశం. ఊళ్లో ఎవరికి చూపించినా ఇందులో తప్పేముందని అడుగుతారు. మల్లయ్యనే మల్లేశం అని పిలుస్తారు, జిల్లా విడిపోయింది, రాష్ట్రం వేరైంది, అంతే కదా! కానీ ఆ మూడూ స్కాన్ అయి అమెరికాలో నెబ్రాస్కా సర్వీస్ సెంటర్‌కో, కెనడా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకో చేరాక వాటిని చూసే అధికారికి మల్లేశం ఎవరో తెలియదు. 2014 జూన్ 2న మన దగ్గర ఏం జరిగిందో కూడా ఆ అధికారికి తెలిసి ఉండాలని లేదు. తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఈ మూడు కాగితాల్లో ఉన్నది ఒకే మనిషా కాదా.

విదేశంలో ఉంటూ పర్మనెంట్ రెసిడెన్సీకి, అందరూ అనే మాటలో పీఆర్‌కి, అప్లై చేయడం అంటే అక్కడి చట్టం, అక్కడి కంపెనీ, అక్కడి లాయరు చూసుకునే పని అనిపిస్తుంది. సగం పని నిజంగా అంతే. మిగతా సగం మాత్రం పుట్టిన ఊళ్లో ఉంటుంది. పైగా పుట్టిన ఊరు ఆ ఫైల్లో రెండుసార్లు అడ్డం వస్తుంది. ఒకసారి రుజువు కోసం, ఇంకోసారి క్యూలో ఏ వరసలో నిలబడాలో తేల్చడం కోసం. ఈ రెండూ ముందే తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. తెలియకపోవడం వల్ల ఎంతమంది ఏళ్లకేళ్లు పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

పీఆర్ అంటే పౌరసత్వం కాదు. పాస్‌పోర్టు ఇండియాదే ఉంటుంది. చాలా దేశాల్లో ఓటు కూడా రాదు. వచ్చేది ఒకటి, ఆ దేశంలో ఉండే హక్కు కంపెనీ చేతిలోంచి మనిషి చేతికి వస్తుంది. అమెరికాలో హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ తమ పేరు మీద పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి పిల్లల్ని బడి మాన్పించి విమానం ఎక్కాలి. గ్రీన్ కార్డ్, అంటే అమెరికా పీఆర్, ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే పోయేది జీతమే. అయితే పీఆర్ వచ్చాక కూడా షరతులుంటాయి. కెనడా పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో కనీసం 730 రోజులు అక్కడ ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ముందస్తుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఏడాదికి మించి బయట ఉంటే తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. బ్రిటన్‌లో ఐఎల్‌ఆర్, అంటే అక్కడి పీఆర్, వచ్చినవాళ్లు రెండేళ్లకు మించి బయట ఉంటే మామూలుగా ఆ హక్కు పోతుంది.

గల్ఫ్ దారి, అమెరికా దారి

ఉత్తర తెలంగాణకు వలస కొత్త కాదు. సిరిసిల్ల నేత కార్మికులు భీవండి, షోలాపూర్ పోయారు. 1970ల తర్వాత కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, కువైట్, సౌదీ, మస్కట్ పోయారు. జగిత్యాల వైపు చాలా ఊళ్లల్లో డాబా ఇల్లు కనిపించిందంటే ఆ ఇంట్లో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారనో, ఉండి వచ్చారనో అర్థం. ఇరవై, ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసినవాళ్లున్నారు. వాళ్లలో ఎవరికీ పీఆర్ రాలేదు. గల్ఫ్ దేశాల్లో కార్మికుడి వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. పని ఉన్నన్నాళ్లే ఉండాలి. యూఏఈ గోల్డెన్ వీసా, సౌదీ ప్రీమియం రెసిడెన్సీ 2019లో వచ్చాయి గానీ అవి పెట్టుబడి పెట్టేవాళ్లకు, పెద్ద జీతాల నిపుణులకు. కన్‌స్ట్రక్షన్ సైట్లో పనిచేసేవాళ్లకు కాదు.

తర్వాతి తరం ఇంజినీరింగ్ చదివి వేరే దారి పట్టింది. 1959లో మొదలైన వరంగల్ ఆర్ఈసీ, 2002 నుంచి ఎన్ఐటీ, అంతకుముందే చాలామందిని అమెరికా పంపింది. ఆ తర్వాత హన్మకొండ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల నుంచి ఎంఎస్ కోసం పోయేవాళ్లు పెరిగారు. ఒకే ఇంట్లో తండ్రి గల్ఫ్, కొడుకు డాలస్. తండ్రి పాతికేళ్లు ఉండి కూడా తాత్కాలికంగానే ఉన్నాడు. కొడుక్కి శాశ్వతం అనే మాట చట్టంలో ఉంది గానీ అది ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు.

దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. కెనడాలో 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మొదలైంది. వయసు, చదువు, భాష, అనుభవం అన్నిటికీ 1200 లోపు పాయింట్లు ఇస్తారు. అక్కడే ఉండి పనిచేస్తున్నవాళ్లు గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నైపుణ్యం ఉన్న ఉద్యోగం చేసి ఉంటే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద అర్హులు. ఫుల్‌టైమ్ చదువుకుంటూ చేసిన పని ఆ ఏడాదిలో లెక్కకు రాదు. ఇది తెలియక లెక్క తప్పినవాళ్లు ఎందరో. ఆస్ట్రేలియాలో 189, 190, 491 అనే నైపుణ్య వీసాలకు కనీసం 65 పాయింట్లు ఉండాలి, ఆహ్వానం రావాలంటే మామూలుగా అంతకన్నా ఎక్కువే కావాలి. జర్మనీలో బ్లూ కార్డ్ అనే నిపుణుల పర్మిట్ మీద ఉన్నవాళ్లకు జర్మన్ భాష బీ1 స్థాయి వస్తే 21 నెలలకు, ఏ1 స్థాయి అయితే 27 నెలలకు శాశ్వత నివాసం అడిగే వీలుంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్లు ఇన్నాళ్లూ ఐదేళ్లు పూర్తి చేసి అప్లై చేసేవారు, ఏ 12 నెలల్లోనూ 180 రోజులకు మించి బయట ఉండకూడదు, 24 ప్రశ్నల లైఫ్ ఇన్ ద యూకే పరీక్షలో 18 సరిగ్గా రాయాలి. ఆ ఐదేళ్లను పదేళ్లు చేయాలని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది.

పాయింట్ల దేశాల్లో అసలు శత్రువు వయసు. కెనడా లెక్కలో 20 నుంచి 29 ఏళ్ల దాకా వయసుకు పూర్తి మార్కులు, 30 నిండినప్పటి నుంచి ఏటా తగ్గుతూ 45కి సున్నా అవుతుంది. ఆస్ట్రేలియాలో 25 నుంచి 32 మధ్య ఉంటే 30 పాయింట్లు, 33 వస్తే 25, 40 వస్తే 15, 45 నిండితే తలుపు మూసినట్టే. ముందు కాస్త సెటిల్ అయి తర్వాత అప్లై చేద్దాంలే అని రెండేళ్లు ఆగడం వల్ల పోయే పాయింట్లు ఐఈఎల్‌టీఎస్ మళ్లీ మళ్లీ రాసినా తిరిగి రావు.

పుట్టిన తేదీ ఎవరు రాశారు

ఏ దేశమైనా ముందు అడిగేది నువ్వెవరు, ఎప్పుడు ఎక్కడ పుట్టావు, నీ తల్లిదండ్రులెవరు అనే. మనకు ఇది చాలా తేలిక ప్రశ్నలా ఉంటుంది. కాగితం మీద మాత్రం కష్టమైనది ఇదే.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా అలవాటు రాలేదు. 1980ల్లో కూడా పల్లెల్లో చాలా కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగేవి. పంచాయతీలో రాయిస్తే రాయించినట్టు, లేకపోతే లేదు. బడిలో వేసే రోజు హెడ్‌మాస్టర్ గారు పిల్లవాడి వయసు అంచనా వేసి ఒక తేదీ రాసేవారు. బడులు జూన్‌లో తెరుస్తారు కనుక ఆలోగా ఐదేళ్లు నిండినట్టు కనిపించే తేదీ ఏదో ఒకటి పడేది. ఆ తేదీయే పదో తరగతి మెమోలోకి, మెమోలోంచి పాస్‌పోర్టులోకి, పాస్‌పోర్టులోంచి వీసాలోకి వెళ్లింది. ఇంట్లో మాత్రం ఆ ఏడాది బతుకమ్మ పండగ ముందు పుట్టాడనే గుర్తు. పట్నంలో పుట్టినవాళ్ల పరిస్థితి కొంత మేలు. వరంగల్ సీకేఎం ఆస్పత్రిలోనో, హన్మకొండ ప్రసూతి ఆస్పత్రిలోనో పుట్టినవాళ్ల వివరాలు మున్సిపల్ రిజిస్టర్‌లో దొరికే అవకాశం ఎక్కువ. కానీ అక్కడా పిల్లవాడి పేరు గడి ఖాళీగా ఉండడం మామూలే. కాన్పయిన రోజుకి పేరు పెట్టరు కదా! ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యాక మున్సిపల్ ఆఫీసుకి మళ్లీ వెళ్లి పేరు రాయించేంత ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అమెరికా అధికారులు ఇలాంటి వాటిని చూసే తీరుకు ఒక వరస ఉంది. మొదట ప్రభుత్వం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే రికార్డు దొరకలేదని అదే ఆఫీసు రాసిచ్చిన కాగితం, దాంతోపాటు స్కూలు రికార్డు లాంటి రెండో స్థాయి రుజువు. అవీ చాలకపోతే పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు. పుట్టిన ముప్పై ఏళ్లకు రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే దానికి పక్క బలం అడుగుతారు. అప్పుడు వచ్చే ఉత్తరాన్నే మనవాళ్లు ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది అంటుంటారు. ఆర్‌ఎఫ్‌ఈ అంటే తిరస్కరణ కాదు, ఇంకా రుజువు పంపమని అడగడం. కానీ గడువు లోపల జవాబు పోవాలి, ఆ జవాబు కోసం పరుగెత్తేది మాత్రం ఇక్కడ ఇంటి దగ్గర ఉన్న నాన్నో, తమ్ముడో.

ఏడాది దాటిన జననాన్ని రిజిస్టర్ చేయించాలంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తప్పనిసరి. పాత చట్టంలో ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ అని ఉండేది. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ నియమించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి వచ్చింది. అంటే పని రెవెన్యూ ఆఫీసుల చుట్టూ నడుస్తుంది. విచారణ ఉంటుంది, సాక్షులు కావాలి. రెండు రోజుల్లో అయ్యే పని కాదు, కనుక డేట్ కరెంట్ అయ్యాక, అంటే క్యూలో వంతు వచ్చాక, మొదలుపెట్టేది కాదు.

పేర్ల సంగతి ఇంకో తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో నింపినవాళ్లకు అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు చోటికి జరిగి, సొంత పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అనే మూడు అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్స్ దాకా, బ్యాంకు ఖాతా దాకా వెంటపడి వస్తాయి. అమ్మానాన్న ఎంతో ఆలోచించి పెట్టుకున్న పేరు పరాయి దేశంలో తెలియదు అని అచ్చవడం చిన్న విషయంగా తోచదు. పాస్‌పోర్టును ఇంటిపేరు, సొంత పేరు విడగొట్టి మళ్లీ ఇప్పించుకోవడమే దీనికి మందు. విదేశంలో ఉండి కూడా భారత కాన్సులేట్ ద్వారా చేసుకోవచ్చు.

ఇక జిల్లాల గొడవ. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున, పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019లో ములుగు వేరైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే 2018లో తీసిన కాగితంలో వరంగల్ అర్బన్ అని ఉంటే ఆ పేరుతో ఇవాళ జిల్లాయే లేదు. ఊరు పేరు స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లో కనీసం మూడు రకాలు. దీనికి భయపడాల్సింది లేదు. రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది, జిల్లా పేరు ఎప్పుడు మారింది అని ఒక పేజీలో తేదీలతో వివరిస్తూ ఫైలుతో పాటు పెడితే సరిపోతుంది. అడగకముందే చెప్పిన మాటకి విలువ ఎక్కువ. ఫారంలో పుట్టిన చోటు మాత్రం అన్నిచోట్లా పాస్‌పోర్టుతో సరిపోయేలా ఒకే రకంగా రాయాలి.

క్యూ ఎక్కడ మొదలవుతుంది

అమెరికా ఫైలు మూడు మెట్లు. మొదటిది పెర్మ్, ఆ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కంపెనీ కార్మిక శాఖ ముందు రుజువు చేయడం. రెండోది ఆ మనిషి కోసం కంపెనీ వేసే పిటిషన్, ఐ-140. మూడోది మనిషి స్వయంగా వేసుకునే గ్రీన్ కార్డ్ అప్లికేషన్, ఐ-485. పెర్మ్ దాఖలైన రోజే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నిలబడిన తేదీ. ఆ తేదీతోనే అసలు కథ మొదలవుతుంది.

1965 చట్టం అంతకుముందున్న, యూరప్ దేశాలకు పెద్దపీట వేసిన జాతీయతల కోటాలను తీసేసింది. ఏ ఒక్క దేశమూ మొత్తం పట్టుకుపోకుండా దేశానికో పరిమితి పెట్టింది. 1990 చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది, ఒక దేశానికి 7 శాతం హద్దు. 140 కోట్ల జనం ఉన్న ఇండియాకీ 7 శాతమే, నాలుగు లక్షల జనం ఉన్న ఐస్‌లాండ్‌కీ 7 శాతమే. లెక్కేస్తే ఈబీ-2 అనే, పై చదువులున్న నిపుణుల తరగతిలో ఇండియాకు వచ్చే కనీస వాటా ఏడాదికి 2,800 దగ్గర. ఇతర దేశాలు వాడుకోనివి మిగిలితే ఇంకొన్ని వస్తాయి. పైగా భార్య, పిల్లలు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. నలుగురున్న కుటుంబం నాలుగు కార్డులు తీసుకుంటుంది. ఫలితం, ఏ తేదీ దాకా వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం చెప్పే వీసా బులెటిన్‌లో నెలనెలా కనిపిస్తుంది. 2025 అంతా ఇండియా ఈబీ-2 తుది తేదీ 2012, 2013 సంవత్సరాల్లోనే నత్తనడక నడిచింది. 2012లో ఫైలు వేసినవాళ్లకు అప్పుడు మోగింది గంట.

ఇక్కడ ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. ఈ 7 శాతం లెక్కలో చూసేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. జగిత్యాల ప్రాంతం నుంచి కువైట్‌కు ఉద్యోగానికి వెళ్లి, ఫ్యామిలీ వీసా దొరికి, అక్కడే ఒక బిడ్డను కన్న దంపతుల్ని ఊహించుకోండి. ఆ బిడ్డ రెండో ఏట ఊరికి వచ్చింది, కరీంనగర్‌లో ఇంటర్ చదివింది, వరంగల్‌లో బీటెక్ చేసింది, పాస్‌పోర్టు ఇండియాదే, పేరు, భాష, పండగలు అన్నీ మనవే. అమెరికా గ్రీన్ కార్డ్ క్యూలో మాత్రం ఆమె కువైట్ వరసలో నిలబడుతుంది. ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివి, అదే కంపెనీలో అదే రోజు పెర్మ్ వేయించుకున్న స్నేహితురాలు ములుగులో పుట్టింది గనుక ఇండియా వరసలో ఏళ్ల తరబడి ఆగుతుంది. ఇంకోటి, భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశం వరస వాడుకునే వీలు చట్టంలో ఉంది. గల్ఫ్‌లో పుట్టినవాళ్లు, మలేషియాలో, ఆఫ్రికా దేశాల్లో తల్లిదండ్రులు పనిచేస్తున్నప్పుడు పుట్టినవాళ్లు ఉత్తర తెలంగాణలో తక్కువేం లేరు. ఈ నిబంధన తెలియక ఇండియా వరసలోనే ఎదురుచూసేవాళ్లు ఒకరున్నా అది అన్యాయమే. అలాంటివాళ్లు ముందు వెతుక్కోవాల్సింది ఆ దేశం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. గల్ఫ్ ఆస్పత్రి కాగితం అరబ్బీలో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి.

కెనడా, ఆస్ట్రేలియా నైపుణ్య వలసల్లో ఇలా పుట్టిన దేశాన్ని బట్టి హద్దు లేదు. అమెరికాలో ఎదురుచూసి విసిగినవాళ్లు కెనడా వైపు చూడడానికి ఇదొక పెద్ద కారణం.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చి, తర్వాత కెనడా వెళ్లినవాళ్లకు వేరే చిక్కు ఎదురవుతుంది. గత పదేళ్లలో వరసగా ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ తేవాలి. అక్కడ ఉండగా తీసుకుంటే సులువు. దేశం వదిలేశాక అంటే వేలిముద్రలు, ఎంబసీ ముద్రలు, నెలల తరబడి ఎదురుచూపు. గల్ఫ్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేసేవాళ్లెవరైనా, రేపు ఎక్కడికి పోతారో తెలియకపోయినా, ఆ ఒక్క కాగితం తీసుకొని విమానం ఎక్కితే మంచిది. గడువు విషయంలో ఒక్కో దేశం నిబంధన ఒక్కో రకం. అయినా పాత సర్టిఫికెట్ చేతిలో ఉంటే కొత్తది తేవడం తేలికవుతుంది.

ఎక్స్‌పీరియన్స్ లెటర్

కెనడా అడిగే ఉద్యోగ అనుభవ పత్రంలో కంపెనీ లెటర్‌హెడ్, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, చేసిన పనులేంటి అన్నీ ఉండాలి. మన దగ్గర చిన్న కంపెనీలు ఇచ్చేది రెండు వాక్యాల రిలీవింగ్ లెటర్. కొన్ని కంపెనీలు మూతపడ్డాయి కూడా. అప్పుడు ఫారం 16, ఈపీఎఫ్ పాస్‌బుక్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, అప్పటి మేనేజర్ సంతకంతో అఫిడవిట్ కలిపి పెట్టి, అసలు లెటర్ ఎందుకు తేలేకపోయారో రాస్తారు. నిజం చెప్పి లోటును వివరించిన ఫైలుకు దారి ఉంటుంది.

అబద్ధపు ఫైలుకు దారి ఉండదు. చేయని ఉద్యోగానికి లెటర్ ఇప్పిస్తామనే ఏజెంట్లు, పాత వీసా రిజెక్షన్ రాయకపోయినా ఏం కాదనే ఏజెంట్లు మన పట్టణాల్లో ఉన్నారు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఐదేళ్లు తలుపు మూస్తుంది. అమెరికాలో ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది, మినహాయింపు దొరకడం చాలా కష్టం. అప్పు తెచ్చి ఫీజు కట్టింది ఇంటివాళ్లు, సంతకం పెట్టింది పిల్లవాడు, ఫారం నింపింది ఏజెంటు. శిక్ష మాత్రం సంతకం పెట్టినవాడికే. ఇంకొకరు నింపిన ఫారమైనా ప్రతి గడీ సొంతంగా చదివి, ఒక కాపీ దగ్గర పెట్టుకున్నాకే సంతకం పెట్టాలి.

ఎదురుచూపులో బతుకు

ఫైలు వేశాక మనిషి ఎక్కడికి పోవచ్చు, పోకూడదు అన్నది అందరికీ భయమే. అమెరికాలో ఐ-485 పెండింగ్‌లో ఉండగా తిరిగి రావడానికి ముందస్తుగా ఇచ్చే అనుమతి, అడ్వాన్స్ పరోల్, లేకుండా దేశం దాటితే ఆ ఫైలు వదిలేసినట్టు లెక్క. చెల్లుబాటయ్యే హెచ్ లేదా ఎల్ వీసా స్టేటస్‌తో తిరిగి వచ్చేవాళ్లకు మాత్రం మినహాయింపు. ఆస్ట్రేలియాలో ఫైలు తేలేదాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉన్నవాళ్లు బయటికి పోతే అది పోతుంది. ముందే బ్రిడ్జింగ్ వీసా బీ తీసుకోవాలి. నాన్నకు గుండెనొప్పి, ఎంజీఎంలో చేర్చాం అని అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఈ వీసాల పేర్లు ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఫైలు వేసినప్పుడే అడ్వాన్స్ పరోల్ కూడా అడిగి పెట్టుకుంటారు, రేపు అవసరం ఉన్నా లేకపోయినా.

ఆరేళ్ల హెచ్‌-1బీ పరిమితి దాటినా ఐ-140 మంజూరై తేదీ రానివాళ్లకు 2000 నాటి చట్టం మూడేళ్ల చొప్పున పొడిగింపు ఇచ్చింది. ఐ-485 వేసి 180 రోజులు దాటితే అదే తరహా పనిలో వేరే కంపెనీకి మారినా ఫైలు నిలబడుతుంది. ఐ-140 మంజూరై 180 రోజులైతే పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ పోదు. ఈ మూడు తెలియక నచ్చని ఉద్యోగంలో తల వంచుకొని ఏళ్లు గడిపినవాళ్లున్నారు.

పీఆర్ కోసం చేసే మెడికల్ పరీక్షలో మనవాళ్లకు ఎదురయ్యే చిన్న సంగతి ఒకటుంది. చిన్నప్పుడు ఎడమ భుజం మీద వేసిన బీసీజీ టీకా మచ్చ అందరికీ ఉంటుంది, టీకాల కార్డు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. చర్మం మీద చేసే టీబీ పరీక్ష బీసీజీ వల్ల పాజిటివ్‌గా రావచ్చు. ఇప్పుడు అమెరికాలో అడిగేది ఐజీఆర్ఏ అనే రక్త పరీక్ష, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. కార్డు లేకపోతే కొన్ని రోగాలకు రక్తంలో రక్షణ ఉందో లేదో పరీక్షిస్తారు, లేదా టీకా మళ్లీ వేస్తారు.

అన్నిటికంటే గుండె బరువెక్కించేది పిల్లల సంగతి. పెద్దవాడు హన్మకొండలో పుట్టాడు, మూడేళ్లప్పుడు అమ్మానాన్నలతో వెళ్లాడు. చిన్నది డాలస్‌లో పుట్టింది. ఒకే బడి, ఒకే ఇల్లు, ఒకే యాస. చెల్లి పుట్టుకతో ఆ దేశ పౌరురాలు. అన్న హెచ్‌-4 అనే, హెచ్‌-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, తండ్రి ప్రయారిటీ డేట్ మీద ఆధారపడి ఉన్నాడు. 21 నిండేలోగా తేదీ రాకపోతే తండ్రి ఫైల్లోంచి అతని పేరు తప్పుకుంటుంది. అప్పుడు సొంతంగా స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి. 2002లో వచ్చిన సీఎస్‌పీఏ చట్టం ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసి కొంత ఆదుకుంటుంది గానీ పదేళ్ల క్యూ ముందు ఆ నెలలు ఏపాటివి? పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే తల్లిదండ్రులు లాయరును కలిసి ఈ లెక్క వేయించుకోవాలి. కాలేజీలో చేరాక కాదు.

ఇంటికొచ్చిన రెండు వారాలు

సెలవుకి ఇంటికొచ్చే రెండు వారాలు పెళ్లిళ్లకు, మేడారం మొక్కులకు, దంతవైద్యుడికి సరిపోవు. అయినా అందులో నాలుగు రోజులు కాగితాలకు తీయాలి. ముందు బర్త్ సర్టిఫికెట్ చూడాలి, పిల్లవాడి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు మూడూ పూర్తిగా ఉన్నాయో లేదో. తప్పుంటే సరిచేసే అధికారం 1969 చట్టం రిజిస్ట్రార్‌కే ఇచ్చింది. అది సరయ్యాకే పాస్‌పోర్టు, పాస్‌పోర్టు సరయ్యాకే మిగతావి. వెనక నుంచి మొదలుపెడితే రెండుసార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. పెళ్లి ఫంక్షన్ హాల్లో ఎంత ఘనంగా జరిగినా లగ్నపత్రిక, ఆల్బమ్ చూపిస్తే సరిపోదు, 2002 నాటి పెళ్లిళ్ల తప్పనిసరి నమోదు చట్టం కింద రిజిస్టర్ చేసిన సర్టిఫికెట్ కావాలి, అందులో పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాలి. తండ్రి పేరు మల్లయ్య, మల్లేశం రెండూ ఒకరివే అని ఒక అఫిడవిట్, ఆయన ఆధార్, రేషన్ కార్డు నకళ్లతో కలిపి ఉంచుకోవాలి.

పుట్టుక గురించి చెప్పే సాక్షులు కూడా ఆ రెండు వారాల్లోనే దొరకాలి. కాన్పు రోజు ఆ ఇంట్లో ఉన్న అమ్మమ్మ, మేనత్త, పెద్దమ్మ ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. నోటరీ ముందు రాసే అఫిడవిట్‌లో ఆమె పేరు, చిరునామా, ఆమె పుట్టిన తేదీ, బిడ్డకు ఆమె ఏమవుతుంది, బిడ్డ ఎప్పుడు ఏ ఊళ్లో పుట్టాడు, తల్లిదండ్రులెవరు అన్నీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఇవన్నీ ఆమెకు ఎలా తెలుసో ఉండాలి. ఆ రోజు వేణ్ణీళ్లు పెట్టింది నేనే, బొడ్డు కోసేటప్పుడు దీపం పట్టుకుంది నేనే అని ఆమె చెప్పినది చెప్పినట్టు రాయించి, చదివి వినిపించి, వేలిముద్ర అయితే వేలిముద్ర, సంతకం అయితే సంతకం తీసుకోవాలి.